దూరపు కంప్యూటర్ తెర రావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో ఉన్న నాన్నగారి కంప్యూటర్‌ను అమెరికాలో కూర్చుని సరిచేయాలనుకునే కొడుకు, ఆదివారం ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి తెరవాలనుకునే అకౌంటెంటు, నాలుగు ఊళ్లలోని దుకాణాల బిల్లింగు కంప్యూటర్లను ఒక్కచోటి నుంచి చూసుకోవాలనుకునే యజమాని. నాకు ఫోను చేసేవారిలో ఎక్కువమంది ఈ మూడు రకాలవాళ్లే. ముగ్గురూ చెప్పేది ఒకటే మాట: "కనెక్ట్ కావడం లేదు." ఆ మాట వెనుక పాతిక కారణాలు ఉండవచ్చు. వాటిలో దూరపు తెరను చూపే రిమోట్ యాప్‌ది తప్పయ్యేది చాలా అరుదు. అయినా అందరూ మొదట చేసే పని యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడమే.

కనెక్ట్ కావడం లేదు. ముందుగా ఏం చూడాలి?

అవతల మనిషి ఎవరైనా ఉన్నారా అన్నది చూడాలి. ఉంటే సగం పని ఫోనులోనే అయిపోతుంది.

తెనాలిలో ఒక పెద్దావిడ, న్యూజెర్సీలో ఆవిడ కొడుకు. గంటన్నరగా ఆయన తన వైపు యాప్‌ను మూడుసార్లు తీసేసి వేసుకున్నారు. ముగ్గురం ఒకే ఫోను లైనులో ఉన్నప్పుడు నేను అడిగాను: "అమ్మా, టీవీ పక్కన ఇంటర్నెట్ డబ్బా ఉంటుంది కదా, దాని మీద లైట్లు ఎలా ఉన్నాయి?" "అన్నీ పచ్చగానే ఉన్నాయి నాయనా, ఒకటి మాత్రం ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది." ఆ లైటు కింద ఎల్‌ఓఎస్ అని మూడక్షరాలు ఉంటాయి. ఫైబర్ తీగలో వెలుతురు రావడం లేదని దాని అర్థం. పనిమనిషి ఊడుస్తూ బల్ల జరిపినప్పుడు సన్నని పసుపు తీగ గోడకూ బల్లకూ మధ్య నలిగింది. బల్ల వెనక్కి లాగి, తీగ మడత విప్పగానే లైటు పచ్చబడింది. ఆ తరువాత రెండు నిమిషాల్లో కొడుకుకు తెర వచ్చింది.

కాబట్టి వరుస ఇది: కరెంటు, ఇంటర్నెట్ డబ్బా, కంప్యూటర్ మేలుకుని ఉందా, దానిలో బ్రౌజర్ తెరిస్తే ఏదైనా పేజీ వస్తోందా. ఈ నాలుగూ సరే అనుకున్నాకే యాప్ జోలికి వెళ్లండి.

విండోస్‌తోనే వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ గానీ, అలాంటి పనే చేసే వీఎన్‌సీ గానీ వాడుతున్నవారికి ఇంకో గుర్తు ఉంది. కనెక్ట్ నొక్కగానే క్షణంలో "కుదరదు" అని జవాబు వచ్చిందా, లేక చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోయిందా? తలుపు తట్టగానే లోపలినుంచి "ఇక్కడ అలాంటివారు లేరు" అని వినిపిస్తే ఇంట్లో మనుషులు ఉన్నట్టే కదా. వెంటనే తిరస్కరిస్తే ఆ కంప్యూటర్ మేలుకునే ఉంది, ఆ సేవ మాత్రం నడవడం లేదని అనుకోవచ్చు. మౌనంగా ఉండిపోతే కంప్యూటర్ నిద్రలోనైనా ఉండాలి, మధ్యలో ఫైర్‌వాల్ (బయటివారిని ఆపే కాపలా ప్రోగ్రాము) అయినా అడ్డుపడి ఉండాలి, లేదా మీరు కొట్టిన చిరునామా అయినా తప్పయి ఉండాలి. పింగ్‌కు (ఉన్నావా అని అడిగే చిన్న పరీక్ష సందేశానికి) పలకనంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోయిందని తేల్చేయకండి. విండోస్ ఫైర్‌వాల్ చాలాచోట్ల పింగ్‌కు జవాబివ్వదు.

రాత్రి బాగానే పనిచేసింది, పొద్దునకు లేదు. ఎందుకని?

నిద్ర. ఇంటి కంప్యూటర్లు ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి స్లీప్‌లోకి వెళ్లేలా అమర్చి వస్తాయి. నిద్రపోయిన కంప్యూటర్ ఏ యాప్‌కూ పలకదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపై పవర్ తెరిచి, కరెంటుకు తగిలించి ఉన్నప్పుడు "ఎప్పుడూ నిద్రపోవద్దు" అని ఎంచుకోవాలి. తెర ఆరిపోతే ఫర్వాలేదు, కంప్యూటర్ నిద్రపోకూడదు. ఈ రెంటికీ వేర్వేరు అమరికలు ఉన్నాయని చాలామంది గమనించరు. ల్యాప్‌టాప్ అయితే మూత మూసినప్పుడు ఏం చేయాలన్నది మూడో అమరిక. అది కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది.

కరెంటు పోయి వచ్చిన రాత్రి సంగతి వేరు. చాలా కంప్యూటర్లు వాటంతట అవి తిరిగి ఆన్ కావు. బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే అమరికల తెరలో), కరెంటు వచ్చాక ఏం చేయాలని అడిగే అమరిక ఒకటి ఉంటుంది. పేరు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెడుతుంది. దాన్ని ఆన్ అయ్యేలా మార్చండి. ఊరికి వెళ్లినప్పుడే చేయాల్సిన పని ఇది, దూరం నుంచి కుదరదు. యూపీఎస్‌కు కంప్యూటర్‌ను మాత్రమే తగిలించి ఇంటర్నెట్ డబ్బాను మామూలు ప్లగ్గులో వదిలేసేవారు కూడా ఉన్నారు. కంప్యూటర్ వెలుగుతూ ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోతుంది.

ఇంకొకటి పాత కంప్యూటర్ల జబ్బు. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ, ఎక్కువగా సీఆర్ 2032 రకం, అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే భద్రతా ధ్రువపత్రాలు చెల్లవు. యాప్ "సర్వర్ దొరకలేదు" అంటుంది తప్ప తేదీ సంగతి చెప్పదు. ఫోనులో "కింద కుడి మూలన తేదీ ఎంత చూపిస్తోంది?" అని అడిగితే తేలిపోతుంది.

సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయడానికి మీటే కనిపించడం లేదు.

అది విండోస్ హోమ్ ఎడిషన్ అయి ఉంటుంది. హోమ్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లవచ్చు గానీ హోమ్‌లోకి ఎవరూ రాలేరు. రావాలంటే ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఒకటి ఉండాలి. దీనికోసం ప్రో కొనమని నేను చెప్పను. ఇంటి అవసరానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ గానీ అలాంటి మరొకటి గానీ హోమ్‌లో నిక్షేపంగా పనిచేస్తాయి. ఎప్పుడో ఒకసారి సాయం చేయడానికైతే విండోస్‌తో వచ్చే క్విక్ అసిస్ట్ చాలు. సాయం చేసేవారికి మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి, పుచ్చుకునేవారికి అక్కరలేదు. అది ఇచ్చే కోడ్ పది నిమిషాలే చెల్లుతుంది. కోడ్ వాట్సాప్‌లో పంపి భోజనానికి వెళ్లకండి.

హోమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌ను తెరిపిస్తామంటూ ఇంటర్నెట్‌లో దొరికే చిట్కా ఫైళ్లు ఉన్నాయి. తదుపరి అప్‌డేట్‌తో అవి పాడవుతాయి, లైసెన్సు నిబంధనలకూ విరుద్ధం.

ఇంట్లో పక్క గదిలోంచి వస్తోంది. ఊరు దాటితే రావడం లేదు.

పక్క గది నుంచి మీరు కొట్టిన చిరునామా 192.168తోనో, 10తోనో మొదలై ఉంటుంది. అది ఇంటి లోపలి గది నంబరు వంటిది. బయటి లోకానికి అది తెలియదు. మీ ఇంటి రూటర్‌కు, అంటే ఇంటర్నెట్ డబ్బాకు, ఉన్న బయటి చిరునామాయే వీధి చిరునామా.

అయితే ఈ రోజుల్లో చాలా ఇళ్లకు ఆ వీధి చిరునామా కూడా సొంతం కాదు. ఐపీవీ4 అనే పాత రకం ఇంటర్నెట్ చిరునామాలు కరువై, ఇంటర్నెట్ కంపెనీలు ఎంతోమంది చందాదారులను ఒకే చిరునామా వెనుక పెడతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. రూటర్ పేజీ తెరిచి బయటి చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరు సీజీనాట్ వెనుక ఉన్నట్టే. ఈ పనికోసమే 2012లో ఆ చిరునామాలను విడిగా కేటాయించారు. అప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు (లోపలికి వచ్చే తలుపులు) తెరిచినా ఫలితం ఉండదు. అపార్టుమెంటులో మీ తలుపు తీసి ఉంచినా కింద గేటుకు తాళం వేసి ఉంటే వచ్చినవారు పైకెలా వస్తారు?

దీనికి మూడు దారులు. మొదటిది, రెండు కంప్యూటర్లూ బయటికే ఫోను చేసి మధ్యలో కలుసుకునే రకం యాప్‌లు: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, రస్ట్‌డెస్క్ వంటివి. రెండోది, టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (రెండు కంప్యూటర్ల మధ్య సొంత రహస్య దారి) రెండు వైపులా వేసుకుని, దాని మీదుగా రిమోట్ డెస్క్‌టాప్ తెరవడం. ఆఫీసు పనికి నేను ఎంచుకునేది ఇదే. మూడోది, కంపెనీకి డబ్బు కట్టి స్థిర చిరునామా తీసుకోవడం. మిగతా రెండూ కుదరనివారికే అది.

రూటర్‌లో 3389 పోర్టు తెరిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. తెరవమంటారా?

వద్దు. 3389 విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు అని మీకు ఎంత తెలుసో, రాత్రింబవళ్లు ఇంటర్నెట్ అంతా తడుముతూ తిరిగే ప్రోగ్రాములకూ అంతే తెలుసు. పోర్టు నంబరు మార్చితే కొంచెం ఆలస్యంగా కనిపెడతాయి, అంతే. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ అనే లోపం పాత విండోస్‌లలో పాస్‌వర్డు కూడా అక్కరలేకుండా లోపలికి రానిచ్చేది. బిల్లింగు డేటా అంతా తాళం పడిపోయి, డబ్బు కడితే విప్పుతామన్న చీటీ తెర మీద చూసిన దుకాణదారులు నాకు తెలుసు. పైన చెప్పిన వీపీఎన్ దారే మేలు.

పాస్‌వర్డు సరిగ్గానే కొడుతున్నాను. ఒప్పుకోవడం లేదు.

మీరు కొడుతున్నది నిజంగా పాస్‌వర్డేనా? రోజూ కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెలు పిన్. అది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికే చెల్లుతుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో చెల్లదు. అక్కడ అసలు పాస్‌వర్డు కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచే కంప్యూటర్ అయితే ఆ ఖాతా పాస్‌వర్డు. పిన్‌కు అలవాటుపడి దాన్ని మరచిపోయినవారే ఎక్కువ. ఆ కంప్యూటర్‌లో ఎన్నడూ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి ఉండకపోతే, ఒకసారి అక్కడి మనిషి చేత పాస్‌వర్డుతో తెరిపించాక ప్రయత్నించండి.

ఖాతాకు పాస్‌వర్డే లేకపోతే? ఇంట్లోవాళ్లమే కదా అని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ పాస్‌వర్డున్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. ఏదో ఒకటి పెట్టాల్సిందే.

ఇక కీబోర్డు. అవతల భాష తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతే, మీరు ఇంగ్లిషు అక్షరాలు కొట్టినా అక్కడ పడేవి తెలుగు అక్షరాలు. పాస్‌వర్డు చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి ఈ సంగతి తెలియదు. లాగిన్ తెర మీద కింద మూలన భాష గుర్తు చూడండి. లండన్ నుంచి ఫోను చేసేవారిది ఇంకో చిక్కు. బ్రిటిష్ కీబోర్డులో ఈమెయిల్ చిరునామాల మధ్య పెట్టే 'ఎట్' గుర్తూ, జంట కొటేషను గుర్తూ తారుమారై ఉంటాయి. పాస్‌వర్డులో ఆ గుర్తుంటే కొన్ని యాప్‌లలో ఎన్నిసార్లు కొట్టినా తప్పే.

పదేపదే ప్రయత్నించకండి. కొత్తగా వేసిన విండోస్ 11లో పదిసార్లు తప్పు కొడితే ఖాతా పది నిమిషాలు తాళం పడుతుంది. పదకొండోసారి సరైనది కొట్టినా తప్పనే అంటుంది, అప్పుడు మీరు మీ జ్ఞాపకశక్తినే అనుమానించడం మొదలుపెడతారు.

కనెక్ట్ అయింది. కానీ తెర అంతా నల్లగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి జవాబు ఒక్క మాటలో రాదు. ముందు ఒక తేడా తెలుసుకోవాలి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మీకోసం తానే కొత్త తెర తయారుచేస్తుంది. అవతల మానిటర్ ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, మామూలు వీఎన్‌సీ వంటివి అలా కాదు, అక్కడి మానిటర్ మీద ఉన్న బొమ్మనే తీసి పంపుతాయి. మానిటర్ తీసేస్తే పంపడానికి బొమ్మే ఉండదు.

అందుకే మూలన మానిటర్ లేకుండా పెట్టిన కంప్యూటర్లలో నల్ల తెరో, చిన్న కిటికీ అంత తెరో వస్తుంది. దీనికి డమ్మీ ప్లగ్ అని బొటనవేలంత హెచ్‌డీఎంఐ ముక్క దొరుకుతుంది. వెనుక గుచ్చితే కంప్యూటర్ తనకు మానిటర్ ఉందనుకుంటుంది. దాన్ని మోసం చేయడమే, కానీ ఎవరికీ నష్టం లేని మోసం.

మానిటర్ ఉన్నా నల్లగా ఉంటే, గ్రాఫిక్స్ డ్రైవర్ బిగుసుకుపోయి ఉండవచ్చు. అక్కడి మనిషి చేత విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో పాటు 'బి' నొక్కించండి. తెర ఒకసారి మిణుకుమని, చిన్న శబ్దం వచ్చి డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లోనే నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ మీటలు నొక్కండి. మామూలుగా డిలీట్‌తో చేసేది అక్కడ ఎండ్‌తో చేయాలి. టాస్క్ మేనేజర్ వస్తే, అందులోంచి డెస్క్‌టాప్‌నూ టాస్క్‌బార్‌నూ చూపే ఎక్స్‌ప్లోరర్‌ను తిరిగి నడిపించవచ్చు.

తెర అంతా బాగుండి ఒక సినిమా కిటికీయో, బ్యాంకు యాప్ కిటికీయో మాత్రమే నల్లగా ఉంటే అది లోపం కాదు. ఎవరూ తెరను తీసుకోకూడదని ఆ యాప్ కావాలనే అలా దాస్తుంది.

అంతా కనిపిస్తోంది. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే మాత్రం నాకు తెర ఆగిపోతుంది.

"ఈ ప్రోగ్రామును మార్పులు చేయనివ్వమంటారా?" అని విండోస్ అడిగే ప్రశ్న మామూలు తెర మీద రాదు. దానికి వేరే భద్రమైన తెర ఉంటుంది, మామూలు అనుమతులతో నడిచే యాప్ అందులోకి తొంగిచూడలేదు. అక్కడివారిని "అవును" నొక్కమనండి. మీరే నొక్కాలంటే రిమోట్ యాప్‌ను ఊరికే నడిపించకుండా అక్కడ పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి ఉండాలి.

మ్యాక్‌లో గోడ బొమ్మ తప్ప ఏ కిటికీ కనిపించడం లేదు.

అనుమతి ఇవ్వలేదు. 2019లో వచ్చిన కాటలినా అనే మ్యాక్ వెర్షన్ నుంచి, తెరను చూడటానికి ఒక అనుమతి, మౌస్ కదపడానికి మరో అనుమతి విడివిడిగా అడుగుతుంది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ రెండింటిలోనూ ఆ యాప్ పక్కన మీట ఆన్ చేసి, యాప్‌ను మూసి తెరవాలి. మొదటిది మాత్రమే ఇస్తే మీరు చూడగలరు, ఏమీ చేయలేరు.

లినక్స్?

లినక్స్‌లోకి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో రానిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ వాడుతూ నల్ల తెర వస్తుంటే, అదే వాడుకరి పేరుతో అక్కడి మానిటర్ మీద ఎవరో లాగిన్ అయి ఉంటారు. అక్కడ లాగౌట్ చేస్తే వస్తుంది. తెర మీద బొమ్మ గీసే కొత్త వ్యవస్థ వేలాండ్ మీద పాత వీఎన్‌సీ సర్వర్లు బొమ్మ తీయలేవు. లాగిన్ తెరలో పాత వ్యవస్థ ఎక్స్‌ఆర్గ్ ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి, లేదా గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఉన్న సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. ఉబుంటు 22.04 నుంచి అది ఆర్‌డీపీతో, అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే పద్ధతితో, పనిచేస్తుంది.

చాలా నెమ్మదిగా ఉంది. నాకు 200 ఎంబీపీఎస్ ఉంది కదా?

మీకు ఉండటం కాదు, అవతలివారికి అప్‌లోడ్ ఎంత ఉందన్నది లెక్క. తెరను పంపేది వాళ్లు.

వేగం రెండువైపులా బాగున్నా దూరం ఉండనే ఉంటుంది. హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మీరు మౌస్ నొక్కిన సంగతి అక్కడికి చేరి, మారిన బొమ్మ తిరిగి రావడానికి తిన్నగా తీగ లాగినా సెకనులో ఎనిమిదో వంతు పైనే పడుతుంది. అసలు తీగలు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి వెళతాయి కాబట్టి అంతకంటే ఎక్కువే. ఎంత ఖరీదైన ప్లాను తీసుకున్నా ఇది తగ్గదు. ఒకసారి నొక్కి ఆగండి. రాలేదని మళ్లీ నొక్కితే రెండు నొక్కులూ చేరి, తెరవాల్సిన ఫైలు రెండుసార్లు తెరుచుకుంటుంది.

తగ్గించుకోగలిగినవి: రంగుల నాణ్యత, తెర పరిమాణం, గోడ బొమ్మ. అవతల వైఫై బదులు తీగ. అక్కడ ఎవరో పక్క గదిలో క్లౌడ్‌లోకి పెళ్లి ఫోటోలు ఎక్కిస్తున్నారేమో కూడా అడగండి.

నేను లోపలికి వెళ్లగానే అక్కడ కూర్చున్నవారి తెర లాక్ అవుతోంది.

విండోస్ మామూలు ఎడిషన్లలో రిమోట్ డెస్క్‌టాప్‌కు ఒక్కరికే చోటు. మీరు వెళితే వారు బయటికి. ఇద్దరూ ఒకే తెర చూడాలంటే క్విక్ అసిస్టో ఎనీడెస్కో వాడాలి.

కాపీ చేసింది అవతల పేస్ట్ కావడం లేదు.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ అయితే, అవతలి కంప్యూటర్ టాస్క్ మేనేజర్‌లో ఆర్‌డీపీక్లిప్ అనే ప్రక్రియను ఆపి, అదే పేరుతో మళ్లీ నడపండి. తొంభై శాతం అదే. తెలుగు టైపు చేయాల్సి వస్తే ఒక్క వైపు కీబోర్డునే తెలుగులో పెట్టండి. రెండువైపులా పెడితే గుణింతాలు చెల్లాచెదురవుతాయి.

బ్యాంకు నుంచి అంటూ ఫోను వచ్చింది. ఒక యాప్ వేసుకుని తొమ్మిదంకెల నంబరు చెప్పమంటున్నారు.

ఫోను పెట్టేయండి. ఏ బ్యాంకూ మీ తెర చూడనక్కరలేదు. తెర పంచుకునే యాప్‌లతో జరుగుతున్న మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ మంచిదే, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదీ అలాంటిదే. కానీ ఆ నంబరు చెప్పి, అనుమతి నొక్కితే ఓటీపీ సందేశం మీతోపాటు వాళ్లకీ కనిపిస్తుంది. ఇప్పటికే చెప్పేసి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపండి, ఆ వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కీ ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మీ అమ్మానాన్నలకు ఈ యాప్ వేసి ఇచ్చింది మీరే అయితే, "నా గొంతు విన్నాకే నంబరు చెప్పండి" అన్న ఒక్క నియమం పెట్టండి.

దూరం నుంచి సెట్టింగ్ మారుస్తుంటే లైను తెగిపోయింది. మళ్లీ లోపలికి వెళ్లలేకపోతున్నాను.

కూర్చున్న కొమ్మను నరుక్కున్నారు. నేనూ నరుక్కున్నాను. విజయవాడలో ఒక ఆఫీసు కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ నియమాలు శుభ్రం చేస్తూ, నన్ను లోపలికి రానిస్తున్న నియమాన్నే తీసేశాను. శనివారం రాత్రి పదకొండు గంటలు. ఆఫీసులో ఉన్నది వాచ్‌మన్ ఒక్కరే. తాళం ఎక్కడుందో తెలిసిన మేనేజరుగారిని నిద్రలేపి, ఆయన వాచ్‌మన్‌కు చెప్పి, వాచ్‌మన్ గది తెరిచి, నేను ఫోనులో ఒక్కో మీటా చెబుతుంటే ఆయన ఒక్కో వేలితో నొక్కి, అర్ధరాత్రి దాటాక నియమం తిరిగి పడింది. "అయిపోయిందాండీ? గేటు దగ్గర ఎవరూ లేరు" అని ఆయన ఫోను పెట్టేశారు.

అప్పటినుంచి ఫైర్‌వాల్, నెట్‌వర్క్ కార్డు, వీపీఎన్ ఈ మూడింటిలో దేన్ని ముట్టుకున్నా ముందు టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని రాసిపెడతాను: పది నిమిషాల తరువాత పాత అమరికను తిరిగి పెట్టు. అంతా సవ్యంగా ఉంటే ఆ పనిని తీసేస్తాను. తెగిపోతే పది నిమిషాలు ఆగితే చాలు. మరో రకం రిమోట్ యాప్‌ను కూడా రెండో దారిగా ఉంచుతాను. ఇప్పటికే తెగిపోయి, ఈ రెండూ లేకపోతే మీకు మిగిలింది అక్కడి మనిషి ఫోను నంబరే.